ఇరవై కోట్ల పిక్సెళ్ళు, ఒక ఇసుక రేణువు

"ఊళ్ళల్లో వాళ్ళకి ఫోను వాడటం రాదు బాస్. ఏ ఫోనిచ్చినా ఆర్నెల్లకి కెమెరా పాడుచేసి పెడతారు. తర్వాత యాప్ పనిచెయ్యట్లేదని మన మీద పడతారు."

మొన్నామధ్య ఆఫీసు క్యాంటీన్లో మా టీములో ఒకాయన అన్న మాట ఇది. మనిషి మంచివాడే, పనిలో దిట్ట. మామూలుగా అయితే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ముద్ద దిగలేదు. అక్కడే నాలుగు మాటలు అనాల్సింది. మీటింగుకి టైమయిందని లేచిపోయాం. అప్పుడు అనలేకపోయినవన్నీ ఈ టపాలో రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

మాది జహీరాబాద్. తెలియనివాళ్ళ కోసం: సంగారెడ్డి జిల్లా, హైదరాబాదు నుంచి ముంబై రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైచిలుకు. ఒకప్పుడు తొమ్మిదో నంబరు హైవే, ఇప్పుడు 65. ఇంకాస్త ముందుకి పోతే కర్ణాటక, ఆ పక్కనే బీదరు. చెరుకు, అల్లం, ఆలుగడ్డ పండే ఎర్ర నేల. ఎండాకాలం ఒక రోజు తిరిగొస్తే తెల్ల చొక్కా ఏ రంగుకి వస్తుందో మా అమ్మనడగాలి.

2025 మే నెలలో ఊరికి పోయినప్పుడు మా చిన్నమ్మ కూతురు ఇంటికొచ్చింది. ఉపాధి హామీ పనుల్లో మేటుగా చేసేది. అప్పటి పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2023 జనవరి 1 నుంచి పని దగ్గర హాజరుకి ఎన్.ఎం.ఎం.ఎస్. అనే యాప్ తప్పనిసరి చేశారు. మేటు తన ఫోనుతో రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో తీసి ఎక్కించాలి. ఫోటోతో బాటు టైమూ, స్థలమూ పోతాయి. ఆ ఏడు తెలంగాణలో రోజుకూలి రేటు 307 రూపాయలు. అంటే పది మంది ఉన్న ఫోటో ఒకటి, మూడు వేల పైచిలుకు రూపాయల కాగితమన్నమాట.

"అన్నా, నువ్వు కంప్యూటర్ల పని చేస్తవు గదా, గీ ఫోను జర చూడు. ఫోటో దింపితే పొగ పట్టినట్టు వస్తుంది. పొద్దుగాల ఎండ ఎదురుగుంటే మనిషికి మనిషి కానరాడు."

"లెన్సు తుడిచినవా?"

"దినాం తుడుస్తనే ఉన్న. ఫోటో దింపే ముంగట కొంగుతోని గట్టిగ తుడుస్తున్న."

ఫోను తిప్పి చూశాను. బూడిదతో ఏళ్ళ తరబడి తోమిన స్టీలు పళ్ళెం ఎలా ఉంటుంది? ఒక్క లోతైన గీతంటూ ఉండదు, అన్ని వైపులా సన్నని గీతలు అల్లుకుని మెరుపు చచ్చిపోయి ఉంటుంది. అచ్చం అలా ఉంది కెమెరా మీది గాజు. ఫోను కొని ఎనిమిది నెలలు, ధర 8,500. కింద పడలేదు, నీళ్ళలో తడవలేదు. తెర మీద టెంపర్డ్ గ్లాసు కూడా ఉంది.

హైదరాబాదు తిరిగొచ్చేటప్పుడు ఆ ఫోను తెచ్చి కంపెనీ సర్వీసు సెంటరులో చూపించాను. (కంపెనీ పేరు ఎందుకులెండి.) కౌంటర్లో అబ్బాయి పైకెత్తి చూసి, "ఇది కాస్మెటిక్ డ్యామేజీ సార్, వారంటీలోకి రాదు. గాజు ఒక్కటీ విడిగా ఇవ్వం, వెనక ప్యానెల్ మొత్తం మార్చాలి, 2,800 అవుతుంది" అన్నాడు. ఆ తర్వాత, పాపం మంచికే, ఒక సలహా కూడా ఇచ్చాడు. "జాగ్రత్తగా వాడుకోమనండి సార్."

చూశారా? కౌంటర్లో అబ్బాయి నుంచి క్యాంటీన్లో ఇంజనీరు దాకా అందరిదీ ఒకటే మాట. తప్పు వాడేవాళ్ళది. నేను చెప్పబోయేది ఒకటే: ఇది వాడేవాళ్ళ తప్పు కానే కాదు. గాజుకీ దుమ్ముకీ మధ్య ఉన్న లెక్క ఇది. ఆ లెక్క తయారుచేసేవాళ్ళకి ముందే తెలుసు. తెలిసి కూడా పెట్టె మీద రాయరు, పాడైతే మార్చుకునే దారీ పెట్టరు. ఇక మనం, అంటే ఆ కెమెరాని నమ్ముకుని యాప్‌లు రాసేవాళ్ళం, దాని గురించి ఆలోచించనే ఆలోచించం.

సరే, ముందు లెక్క చూద్దాం.

1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఒక స్కేలు పెట్టాడు. ఏ రాయి ఏ రాయిని గీస్తుందో చూసి, 1 నుంచి 10 దాకా వరసలో నిలబెట్టాడు. అన్నిటికంటే మెత్తనిది టాల్క్, 1. మన పౌడరు డబ్బాలో ఉండేది. కాల్సైట్ 3, ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7, పుష్యరాగం 8, కురువిందం 9, వజ్రం 10. నవరత్నాల్లో ఉండే కెంపూ నీలమూ రెండూ ఆ కురువిందమే. ఇవి మార్కుల్లాంటివి కావు, ర్యాంకులు. 10కీ 9కీ మధ్య తేడా, 9కీ 8కీ మధ్య తేడా సమానం అనుకోకూడదు. పైనున్నది కిందున్నదాన్ని గీస్తుంది, అంతవరకే.

మామూలు కిటికీ అద్దం ఐదున్నర దగ్గర ఉంటుంది. ఫోన్లలో గొప్పగా చెప్పుకునే గట్టి గాజు కూడా ఇంచుమించు 6 దగ్గర గీతలు పడటం మొదలై, 7 దగ్గర లోతుగా దిగుతాయి. యూట్యూబులో జెర్రీరిగ్‌ఎవ్రీథింగ్ అనే ఛానెల్లో జాక్ నెల్సన్ ఏళ్ళ తరబడి ఫోను తర్వాత ఫోను గీసి చూపిస్తున్నది ఇదే. ఆయన వీడియోలు చూడనివాడు మన ఫ్లోరులో ఉండడు. చూసి "అబ్బా, పాతిక వేల ఫోను గీకేశాడు" అని నవ్వుకుంటాం. 7 అంటే ఏమిటో మాత్రం ఆలోచించం.

7 అంటే పలుగురాయి. పలుగురాయి అంటే ఇసుక. మంజీర ఇసుకలో ఉండేది అదే. ఇప్పుడు కట్టడాలకి వాడే రాతి ఇసుక ఉంది కదా, గ్రానైటు నుజ్జు చేసి తీసేది, అందులో ఉండేదీ పలుగురాయి, ఫెల్డ్‌స్పార్లే. మా ఎర్ర మొరం సంగతి కాస్త వేరు. అది ఎక్కువగా ఇనుము ఆక్సైడ్లు. వాటి గట్టిదనం ఐదు నుంచి ఆరున్నర మధ్య. అంటే గాజుతో సమఉజ్జీ. కానీ రోడ్డు మీద లేచే దుమ్ములో మొరం ఒక్కటే ఉండదు కదా, ఇసుకా, క్రషర్ డస్టూ అన్నీ కలిసే ఉంటాయి.

నమ్మకం కుదరక ఒక ఆదివారం నేనే చేసి చూశాను. ఇంట్లో చచ్చిపడున్న పాత ఫోన్లు మూడు తీసి కెమెరా గాజు మీద ఇత్తడి తాళంచెవితో గీశాను. ఏమీ కాలేదు. రూపాయి బిళ్ళతో గీస్తే బూడిదరంగు చార పడింది. తడిబట్టతో తుడిస్తే పోయింది. అది గాజు మీద గీత కాదు, బిళ్ళలోంచి ఊడి అంటుకున్న లోహం. తర్వాత బట్ట మీద ఊరి నుంచి తెచ్చిన మొరం పొడి చిటికెడు వేసి ఇరవై సార్లు రుద్దాను. అక్కడక్కడా వెంట్రుకల్లాంటి గీతలు. ఆఖరికి పక్కింటి కట్టడం దగ్గర ఇసుక చిటికెడు. మూడోసారి రుద్దేటప్పటికే చేతికి తెలిసిపోయింది. ఇది ల్యాబు పరీక్షేమీ కాదు, డైనింగు టేబులు పరీక్ష. కానీ మీరు చేసినా ఇదే వస్తుంది, లెక్క అలాంటిది మరి.

అంటే జేబులో తాళాలతో కలిపి పెట్టాడు కాబట్టి గీతలు పడ్డాయి అనే మన పాత తీర్పు తప్పు. గీసేది తాళం కాదు, జేబు అడుగున ఉన్న ఇసుక. మా చెల్లె కొంగుతో గట్టిగా తుడిచింది చూశారా, అక్కడే పడ్డాయి గీతలన్నీ. మొరం తవ్వేచోట నిలబడి, మొరం దుమ్ము పట్టిన కొంగుతో, ఫోటో బాగా రావాలని రోజుకి రెండుసార్లు శ్రద్ధగా తుడిచింది. ఆమె అజాగ్రత్తగా ఉండి ఉంటే ఆ గాజు ఇంకో ఏడాది బతికేదేమో!

అక్కడితో అయిందా, ఫోటోలో గీత కనిపించదు. అందుకే చాలామందికి తమ లెన్సు పాడైందని తెలియదు. గాజు కెమెరాకి మరీ దగ్గర, అంత దగ్గరి వస్తువు ఫోకసులోకి రాదు. గీత చేసే పని వేరు. వచ్చే వెలుతుర్ని చెదరగొడుతుంది. ఎండ ఎదురుగా ఉన్నా, రాత్రి వీధిదీపం ఫ్రేములో ఉన్నా ఆ చెదిరిన వెలుతురు ఫోటో అంతా పరుచుకుంటుంది. నలుపు బూడిదవుతుంది, మొహాలు పాలిపోతాయి, దీపాలకి తోకలొస్తాయి. చెల్లె అన్న "పొగ" అదే.

"నా డీఎస్ఎల్ఆర్ లెన్సు మీద గీత ఉంది, ఏమీ తేడా రాదే" అనేవాళ్ళకి చిన్న లెక్క. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సులో వెలుతురు వచ్చే దారి వెడల్పు దాదాపు 28 మి.మీ. ఫోనులో 4 మి.మీ. ఫోకల్ లెంగ్తున్న ఎఫ్/1.8 కెమెరాకి అది 2.2 మి.మీ. వైశాల్యంలో తేడా 150 రెట్లకి పైనే. అదే గీత అక్కడ గుమ్మం మీద వెంట్రుక, ఇక్కడ కంట్లో నలుసు.

ఇప్పుడు కంపెనీల సంగతికొద్దాం.

ఏ ఫోను పెట్టె అయినా తీసి చూడండి. 50 మెగాపిక్సెళ్ళు, 108, 200. రెండొందలంటే ఇరవై కోట్ల పిక్సెళ్ళు. ఎపర్చరు ఎంతో రాస్తారు, సెన్సరు ఎవరు చేశారో రాస్తారు. తెర మీది గాజు ఏ రకమో, ఎన్నో తరమో కూడా రాస్తారు. ఆ ఇరవై కోట్ల పిక్సెళ్ళూ లోకాన్ని చూసే కిటికీ అద్దం దేనితో చేశారో మాత్రం చాలా ఫోన్లకి ఒక్క ముక్క ఉండదు. గాజో, ప్లాస్టిక్కో, పూత ఉందో లేదో తెలియదు. చవక ఫోన్ల మీద మూడు కెమెరాలని చూపించడానికి ఎందుకూ పనికిరాని 2 మెగాపిక్సెళ్ళ కెమెరా ఒకటి అతికిస్తారు. ఆ డబ్బుతో ఆ అద్దం బాగుచెయ్యొచ్చు కదా అంటే, అద్దం యాడ్‌లో కనబడదు మరి.

"ఐపీ68 ఉంది కదా, దుమ్ముకి తట్టుకుంటుంది" అంటారు. ఇది నాకు బాగా నచ్చిన జోకు. ఆ అంకెల్లో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, అంతే. పైన గీతలు పడవని కాదు. ఇంతకీ ఆ పరీక్షలో ఏ దుమ్ము వాడతారో తెలుసా? టాల్కం పౌడరు! మోస్ స్కేలు మీద 1. లోకంలో అన్నిటికంటే మెత్తని ఖనిజంతో పరీక్ష పెట్టి, 7 ఉన్న దుమ్ములోకి ఫోన్లు పంపుతున్నాం.

"గొరిల్లా గ్లాసు ఉంది కదా" అంటారు ఇంకొందరు. బలం వేరు, గట్టిదనం వేరు. ఆ గాజుని కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజులో ఉన్న చిన్న సోడియం అయాన్లు పోయి ఆ ఖాళీల్లోకి పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పై పొర అన్నివైపుల నుంచీ బిగుసుకుని, కింద పడితే తొందరగా పగలదు. గొప్ప ఇంజనీరింగే, కాదనను. కానీ పగలకపోవడం వేరు, గీతపడకపోవడం వేరు. ఎంత బిగించినా పలుగురాయి ముందు అది ఓడిపోతుంది. కార్నింగ్ కంపెనీయే 2021లో ఫోను కెమెరాల కోసం డీఎక్స్, డీఎక్స్ ప్లస్ అని పూతలున్న గాజులు విడిగా తెచ్చింది. అంటే సమస్య ఉందని గాజు చేసేవాడే ఒప్పుకున్నట్టు కదా. అవి ఏ ధర ఫోన్లకి చేరతాయో మీరే ఊహించుకోండి.

పై తరగతి కథ కూడా చెప్పాలి. ఆపిల్ 2012లో ఐఫోన్ 5 నుంచి కెమెరా మీద నీలం అద్దం పెట్టడం మొదలెట్టింది. లెక్క ప్రకారం 9, ఇసుక ఏమీ చెయ్యలేదు. కానీ 2016లో ఐఫోన్ 7 కెమెరాని నెల్సన్ గీస్తే 6 దగ్గరే గుర్తులు పడ్డాయి. పేరు ఒకటే అయినా స్వచ్ఛత, మందం, పూత బట్టి సరుకు మారిపోతుంది. అందుకే పేరు చెబితే చాలదు, ఏ పరీక్షలో ఎంత తట్టుకుందో చెప్పాలి.

పైగా మనమే వెనక్కి నడిచాం. 2005లో వచ్చిన సోనీ ఎరిక్సన్ కె750ఐ గుర్తుందా? నా మొదటి జీతంతో కొన్నది. 2 మెగాపిక్సెళ్ళే. వెనకాల జరిపే తలుపు ఉండేది. జరిపితే కెమెరా ఆన్, మూస్తే ఆఫ్. 2007లో వచ్చిన నోకియా ఎన్95కీ ఉండేది. తర్వాత ఫోను సన్నబడాలన్నారు, తలుపు తీసేశారు. 2014లో ఐఫోన్ 6తో ఆపిల్ కెమెరా కూడా గుబ్బలా బయటికి పొడుచుకొచ్చింది. ఇప్పుడు ఫోను బల్ల మీద పెడితే ముందు ఆనేది ఆ గుబ్బే. ఇరవయ్యేళ్ళ కిందట రెండు మెగాపిక్సెళ్ళ కన్నుకి రెప్ప ఉండేది. ఇప్పుడు రెండొందల మెగాపిక్సెళ్ళ కన్ను రెప్ప లేకుండా బల్లల మీద పాకుతోంది :-)

మీ అభ్యంతరాలు నాకు తెలుసు, నేనే రాసేస్తాను.

కవరు వేసుకోవచ్చుగా? వేసుకోవాలి. అంచు ఎత్తున్న కవరు బల్ల నుంచి కాపాడుతుంది. కానీ ఆ అంచు లోపలే దుమ్ము పేరుకుంటుంది. దాన్ని తుడిచినప్పుడల్లా గాజుకి గరుకు కాగితం పెట్టినట్టే.

లెన్స్ ప్రొటెక్టరు అతికించుకోవచ్చుగా? పనికొస్తుంది, కాదనను. కానీ అది ఇంకో అద్దం. రెండు అద్దాల మధ్య వెలుతురు అటూ ఇటూ తగిలి రాత్రి ఫోటోల్లో దెయ్యాల్లా దీపాల నీడలొస్తాయి. అయినా వాడి కెమెరా అద్దాన్ని నా డబ్బుతో ఇంకో అద్దం కొని కాపాడటమేమిటి?

టూత్‌పేస్టు రాస్తే పోతుందట కదా? దయచేసి వద్దు. గట్టి గాజు మీది గీత దానికి లొంగదు, పైనున్న సన్నని పూత మాత్రం మసకబారుతుంది.

అందరికీ నీలం అద్దం పెడితే ధర పెరగదా? పెరుగుతుంది. నేను నీలం అడగట్లేదు. అది వెలుతుర్ని గాజుకంటే ఎక్కువ వెనక్కి కొడుతుంది. పూత లేకపోతే ఒక్కో తలం మీద గాజుకి 4 శాతం, దానికి దాదాపు 8 శాతం. తయారీ ఎంత కష్టమో చెప్పడానికి ఒక సంగతి చాలు. ఆపిల్‌తో 2013లో వందల మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుని నీలం తయారీకి దిగిన జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ 2014 అక్టోబరులో దివాలా పిటిషను వేసింది. కాబట్టి అది వదిలేద్దాం. నేనడిగేవి మూడే. అద్దం దేనితో చేశారో, ఎంత గట్టిదో పెట్టె మీద రాయండి. ఆ అద్దం ఒక్కటే విడిగా మార్చుకునేలా చెయ్యండి. దాని ధర వెబ్‌సైట్లో పెట్టండి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఐరోపా యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకి కొత్త నియమాలు అమలయ్యాయి. అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్ళ పాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. వాటిలో వెనక కెమెరా కూడా ఉంది. గీతల గురించి కూడా రాశారు, కానీ తెరకి మాత్రమే, అదీ మోస్ స్కేలు మీద 4 తట్టుకుంటే చాలునట. నాలుగు! ఇసుకేమో 7. ఆ నియమం రాసినవాళ్ళెవరూ మా ఊరి బస్టాండులో నిలబడి ఉండరు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మంచి మొదలే. ఆ పోర్టల్‌కి ఫోను కెమెరా అద్దం అంత చిన్న వస్తువు ఎప్పటికి కనబడుతుందో మరి.

ఇక మా టీమ్‌మేటు మొదటి మాట, ఊళ్ళల్లో వాళ్ళకి వాడటం రాదనేది. అయ్యా, జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, వాళ్ళలో చాలామంది బడి మొహం చూడని దళిత రైతులు, 1990ల చివర్లోనే వీడియో కెమెరాలు పట్టుకున్నారు. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారో 2003లో సినిమా తీసి చూపించారు. 2008లో మాచ్‌నూర్‌లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. మనం ఆఫీసు పార్టీలో హ్యాండీక్యామ్ తలకిందులుగా పట్టుకుని తిప్పుతున్న రోజుల్లో, వీళ్ళు ఎర్ర దుమ్ములో నిలబడి షూటింగు చేశారు. వాడటం రాదనే మాట మా ప్రాంతం ఆడవాళ్ళ దగ్గర చెల్లదు.

ఇంక మన సంగతి. ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

కెమెరా మీద ఆధారపడే యాప్‌లు మనం ఎన్ని రాశాం? హాజరు, కేవైసీ, మొహం గుర్తింపు, పంట తెగులు గుర్తింపు. పటాన్‌చెరు ఇక్రిశాట్ భాగస్వామ్యంతో ప్లాంటిక్స్ లాంటి యాప్ 2017లోనే తెలుగులో వచ్చింది. రైతు ఆకు ఫోటో తీస్తే తెగులు చెబుతుంది. ఇవన్నీ మంచివే. కానీ మన టెస్టింగు ఎక్కడ జరుగుతుంది? ఏసీ గదిలో, ఇంకా ప్లాస్టిక్ పొర ఊడదియ్యని ఫోన్ల మీద. "నా మెషీన్లో బానే పనిచేస్తోంది" అని బగ్గు మూసేసే అలవాటు మనదే కదా. ఊరి నుంచి వచ్చిన బగ్గుకి "యూజర్ ఎర్రర్" అని రాసి మూసేస్తాం. కొన్ని ఫోన్లు "లెన్సు తుడవండి" అని హెచ్చరిక చూపిస్తాయి. దేనితో తుడవాలో చెప్పవు. చెల్లె కొంగుతో తుడుస్తుంది.

2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకి ఒక ఉత్తరం రాసింది. హాజరు ఫోటోల్లో మోసాలు జరుగుతున్నాయి, సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, ఫోటోకి ఫోటో తీసి పెడుతున్నారు, కాబట్టి పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ సరిచూడాలి అని. మోసం పట్టుకోవాల్సిందే. కానీ ఫోటోకి తీసిన ఫోటో ఎలా ఉంటుంది? వెలిసిపోయి, నలుపు బూడిదై, మొహాలు తేలకుండా ఉంటుంది. గీతలు పడ్డ లెన్సుతో ఎండకెదురుగా తీసిన అసలు ఫోటో ఎలా ఉంటుంది? అచ్చం అలాగే ఉంటుంది. చూసేవాడు ఏమనుకుంటాడు? మా చెల్లె గుంపులో ఎవరి కూలీ పోలేదు, ఇంకొకామె ఫోను అడుక్కుని పని నడిపింది. కానీ నిజాయితీగా తీసిన ఫోటో దొంగ ఫోటోలా కనబడే పరిస్థితి రావడమే తప్పు కదా? 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. చట్టాలు మారినా ఫోటోతో హాజరు అనే ఆలోచన ఇప్పట్లో పోదు. అంచేత ఈ గొడవ కూడా పోదు.

మురికి ఉంటుందనుకుని డిజైను చేసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మనం రోజూ టీ కొట్టు దగ్గర స్కాన్ చేసే క్యూఆర్ కోడు 1994లో జపాన్‌లో డెన్సో వేవ్‌లో పుట్టింది. మసహిరో హారా బృందం చేసింది కారు విడిభాగాల కోసం. ఫ్యాక్టరీలో నూనె మరకలు పడతాయి, చిరుగుతాయి అని వాళ్ళకి తెలుసు. అందుకే అన్నిటికంటే గట్టి స్థాయిలో సుమారు 30 శాతం పాడైనా చదవగలిగేలా కట్టారు. చెల్లె ఫోనులో ఫోటో పొగలా వచ్చినా ఫోన్‌పే మాత్రం ఏ రోజూ ఆగలేదు. ఆ జపాన్ ఇంజనీర్లు "వర్కర్లకి కాగితం వాడటం రాదు" అని ఊరుకోలేదు. మురికిని స్పెక్‌లో రాసుకున్నారు.

మనం చెయ్యగలిగేవీ ఉన్నాయి. ఫోటో ఎక్కించేముందు కాంట్రాస్టు చూసి, "ఎండ వీపు వైపు ఉండేలా నిలబడి మళ్ళీ తియ్యండి" అని తెలుగులో చెప్పొచ్చు. అదే ఫోను నుంచి రోజూ అదే మసక వస్తుంటే అది లెన్సు లోపమని గుర్తుపెట్టి, సరిచూసేవాడికి ఆ ముక్క కనబడేలా చెయ్యొచ్చు. టెస్ట్ ల్యాబులో ఇసుకతో రుద్దిన ఫోను ఒకటి పెట్టుకోవచ్చు. ఒక స్ప్రింటు పని కూడా కాదు.

చెల్లె ఫోను ఏమైందంటారా? కంపెనీ వాళ్ళు 2,800 అడిగిన పనిని జహీరాబాద్‌లో రిపేరు కొట్టు భాయ్ 200కి చేశాడు. వేడి గాలి పెట్టి పాత అద్దం ఊడదీసి, లోపల ఊది, కొత్తది అతికించాడు. ఇరవై నిమిషాలు. అద్దం విడిగా మార్చడం కుదరదన్నది అబద్ధమని ఆ ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. కాకపోతే ఆ కొత్త అద్దం దేనితో చేశారో భాయ్‌కీ తెలియదు. ఆయన్నేమంటాం, కంపెనీయే చెప్పలేదు.

చెల్లెకి నేను చెప్పింది ఇంతే. ముందు ఊదు, తర్వాత రెండు చుక్కల నీళ్ళు పొయ్యి, ఆ తర్వాత శుభ్రమైన మెత్తటి గుడ్డతో మెల్లగా అద్దు. కొంగుతో రుద్దకు. "గిది ఫోనుతోని ఇచ్చిన కాగితంల రాయొచ్చు గదన్నా" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఇది రాసేముందు క్యాంటీన్లో మా టీమ్‌మేటు ఫోను అడిగి తీసుకుని, దాని లెన్సు మీద నా ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూపించాను. అరవై వేల ఫోను. మూడు గీతలున్నాయి, అల్ట్రావైడ్ మీద ఇంకొకటి. గచ్చిబౌలిలోనూ ఇసుక ఉంది మరి, చుట్టూ కడుతున్నవన్నీ దానితోనే. కాసేపు చూసి, "నేను జాగ్రత్తగానే వాడతానే" అన్నాడు.

నిజమే, ఆమె కూడా జాగ్రత్తగానే వాడింది.